నాన్న సాయంత్రం గ్లాసు: మేడ మీది హెర్బల్ టీ డైరీ

జూన్ 22

ఈ పనికి కారణం నాన్న. రిటైరయ్యాక రోజుకు ఐదు టీలు అలవాటయ్యాయి ఆయనకు. పొద్దున రెండు, మధ్యాహ్నం నిద్ర లేచాక ఒకటి, సాయంత్రం మాస్టారుగారు వచ్చినప్పుడు ఒకటి, ఆయన వెళ్లాక ఇంకొకటి. రాత్రి ఒంటిగంట దాటినా నిద్ర పట్టక హాల్లో పచార్లు చేస్తుంటే భయమేసి డాక్టరుగారి దగ్గరికి తీసుకెళ్లాను. సాయంత్రం నాలుగు తర్వాత టీ, కాఫీ రెండూ వద్దన్నారు. నాన్న మారు మాట్లాడకుండా మానేశారు. కానీ ఆరింటికి మాస్టారుగారు వచ్చి అరుగు మీద కూర్చుంటే మాత్రం ఆయనకు ఏమీ తోచడం లేదు. "వేడి గ్లాసు చేతిలో ఉంటేనే కబురు సాగుతుందమ్మా" అన్నారు మొన్న. అది విన్నప్పటి నుంచి నా మనసు మనసులో లేదు.

ముందు కొట్టుకెళ్లి హెర్బల్ టీ డబ్బా ఒకటి తెచ్చాను. అందులో 25 సంచులున్నాయి. నాన్న రెండు గుక్కలు తాగి పక్కన పెట్టేశారు. ఒక సంచి కత్తిరించి ప్లేటులో పోసి చూశాను. గోధుమ రంగు పొడి, కాగితం వాసన. డబ్బా మీద తులసి అని రాసుంది కానీ లోపల తులసి జాడే లేదు. పెరట్లో తులసాకు ఒక్కటి నలిపితే గంటసేపు వేళ్లను వదలదు కదా, మరి ఆ వాసన దారిలో ఎక్కడ పోయింది? అది తేల్చుకుందామనే ఈ డైరీ మొదలుపెట్టాను.

అసలు టీ అంటే తేయాకు. తులసి, నిమ్మగడ్డి, పుదీనా, గోంగూర కాయలు వీటిలో తేయాకూ లేదు, కెఫీనూ లేదు. నాన్నకు కావలసిందీ అదే. నేను పెట్టుకున్న పరీక్ష ఒక్కటే: నాన్న తనంతట తాను రెండో గ్లాసు అడగాలి.

ఇవాళ కడియపులంక వెళ్లొచ్చాం. రాజమండ్రిలో ఉండి మొక్కల కోసం ఇంకెక్కడికి వెళ్తాం! రామ తులసి మూడు, కృష్ణ తులసి మూడు, నిమ్మగడ్డి దుబ్బులు రెండు, ఎర్ర గోంగూర విత్తనాలు తీసుకున్నాను. నిమ్మగడ్డి దగ్గర కాస్తలో తప్పించుకున్నాను. మొదటి నర్సరీలో చూపించిన దుబ్బు మొదళ్లు ఎర్రగా ఉన్నాయి. ఆకు నలిపి చూస్తే దోమల క్రీము వాసన. అది సిట్రొనెల్లా, నూనె తీసే గడ్డి. దూరం నుంచి చూస్తే రెండూ ఒక్కలాగే ఉంటాయి. టీకి పనికొచ్చే నిమ్మగడ్డి మొదలు తెల్లగా, లేత పచ్చగా ఉంటుంది, నలిపితే నిమ్మతొక్క వాసన వస్తుంది. నలిపి చూడకుండా కొనకండి.

జులై 9

పాత పెయింటు బకెట్లకు అడుగున చిల్లులు పెట్టి, రెండు పాళ్లు ఎర్రమట్టి, ఒక పాలు మాగిన పశువుల ఎరువు, ఒక పాలు కొబ్బరి పొట్టు కలిపి నింపాను. పుదీనాకు మొక్క కొనలేదు. రైతుబజారు కట్టలోంచి లావుపాటి కాడలు నాలుగు ఏరి నీళ్లలో పెడితే వారంలో వేళ్లొచ్చాయి. గోంగూర ఎనిమిది మొక్కలు నిలిచాయి.

తులసి విషయంలో అమ్మ ఒక నియమం పెట్టింది. కోటలో ఉన్న తులసమ్మ జోలికి వెళ్లకూడదు. మేడ మీద బకెట్లలోవి వేరు, వాటిని కోసుకోవచ్చు. అయినా సరే ఆదివారం, ద్వాదశి నాడు, పొద్దుగూకాక ఏ తులసినీ ముట్టకూడదు. "నీ టీ కోసం తులసమ్మను నిద్రలేపకే" అంది. సరేనన్నాను. ఎలాగూ మంచు ఆరాక, ఎండ ముదరక ముందే కోస్తే ఆకులో వాసన నిండుగా ఉంటుంది. అంటే ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య. నాకు కావలసిన వేళ, అమ్మ ఒప్పుకునే వేళ ఒకటే అయ్యాయి.

ఆగస్టు 12

మొదటి కోత. తులసి కొనల్లో వెన్నులు రాగానే తుంచేస్తూ వచ్చాను కాబట్టి మొక్కలు గుబురెక్కాయి. ఇలా తుంచకపోతే మొక్క బలమంతా గింజకే పోతుంది. 200 గ్రాముల ఆకు, లేత కొనలు వచ్చాయి. కడిగి, బట్ట మీద ఆరబెట్టి, అల్యూమినియం పళ్లెంలో పరిచి మేడ మీద నిండు ఎండలో పెట్టాను. వడియాలు పెట్టినట్టే.

సాయంత్రానికే ఆకు గలగలలాడింది. 37 గ్రాములు తూగింది. ఆత్రంగా ఒక చెంచా వేడినీళ్లలో వేసి మూత పెట్టి చూస్తే గడ్డివాము వాసన. ఆకు నల్లబడిపోయింది. కొట్లో సంచిలో ఉన్నదీ దాదాపు ఇదే కదా అనిపించింది. తులసిలో వాసనంతా ఆకులోని నూనెలదే. అవి గాలిలో కలిసిపోయే నూనెలు. ఆగస్టు ఎండకి మేడ గచ్చు కాళ్లు పెట్టలేనంత కాలుతుంది, దాని మీద అల్యూమినియం పళ్లెం అంటే పెనమే. నీళ్లతో పాటు నూనెలూ పోయాయి. వడియానికి ఎండ ఎంత మంచిదో ఆకుకు అంత చెడ్డది.

ఆగస్టు 20

ఈసారి నీడన. మేడ మీద గదిలో తాతయ్య నులక మంచం ఉంది. దాని మీద ఉతికిన పాత నూలు పంచె పరిచి ఆకును పలచగా, ఒకదాని మీద ఒకటి పడకుండా వేశాను. నులక సందుల్లోంచి కింద నుంచి కూడా గాలి ఆడుతుంది. పళ్లెంలో అయితే ఆకు అడుగు చెమ్మ పట్టి కమిలిపోతుంది. సీలింగ్ ఫ్యాను ఒకటో నంబరులో పెట్టి కిటికీకి కర్టెను వేశాను. న్యూస్‌పేపరు మీద మాత్రం ఆరబెట్టొద్దు, తడి ఆకుకు సిరా అంటుతుంది.

నాలుగు రోజులు పట్టింది. ఆకు పచ్చగానే ఉంది, కృష్ణ తులసి అయితే ఊదా రంగు ఛాయ కూడా పోలేదు. డబ్బా మూత తీయగానే గదంతా గుప్పుమంది. అమ్మ వంటింట్లోంచి వచ్చి, "గుడిలో తీర్థం వాసన వస్తోందే" అంది.

నిమ్మగడ్డిని పచ్చిగా ఉన్నప్పుడే కత్తెరతో అర సెంటీమీటరు ముక్కలుగా కత్తిరించి ఆరబెట్టాలి. ఎండాక కత్తిరిస్తే పీచు పీచుగా చీలుతుంది, అంచులు చేతులు కోస్తాయి. 300 గ్రాములకు 78 మిగిలాయి. పుదీనా మరీ అన్యాయం, 100 గ్రాములకు 13.

సెప్టెంబరు 14

ఇవాళ 40 గ్రాముల తులసి చెత్తబుట్టలో పోశాను. చెయ్యి రాలేదు పోయడానికి.

రెండు వారాలుగా ముసురు. మంచం మీద ఆకు ఐదో రోజుకు కూడా వంగుతోందే కానీ విరగడం లేదు. అంచులు ఎండాయి కదా, మిగతాది డబ్బాలో ఆరుతుందిలే అని సీసాలో పోసి మూత బిగించాను. వారానికి సీసా లోపలి గోడకు సన్నటి చెమ్మ, ఆకుల మధ్య సాలెగూడులాంటి తెల్లటి బూజు. మూత తీస్తే తడి గోనెసంచి వాసన. పైది తీసేసి అడుగుది వాడదామని ఒక క్షణం అనిపించింది. కానీ బూజు మన కంటికి కనిపించిన చోటే ఉంటుందన్న నమ్మకం లేదు. తాగేది నాన్న.

ఇక నుంచి అని రెండు లెక్కలు పెట్టుకున్నాను. ఒకటి చెవితో: కాడ విరిస్తే పుటుక్కుమనాలి, ఆకు నలిపితే కరకరమని పొడవ్వాలి. కాడ వంగిందంటే లోపల తడి ఉన్నట్టే, ఆకు ఎంత గలగలలాడినా సరే. రెండోది త్రాసుతో: వంటింటి డిజిటల్ కాటా మీద పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి తూచాలి. వరసగా రెండు సార్లు ఒకే బరువు వస్తే ఎండినట్టు. ఆ తర్వాత కూడా గాజు సీసాలో మూడొంతులే నింపి, వారం పాటు రోజూ ఒకసారి ఊపి చూడాలి. ఆకులు ఒకదానికొకటి అంటుకున్నా, గాజుకు చెమ్మ కనిపించినా మళ్లీ మంచం మీదికే.

సెప్టెంబరు 27

ముసురులో ఆరబెట్టడానికి దారి దొరికింది. అమ్మమ్మగారింటి నుంచి వచ్చిన పాత జాలీ బీరువా ఒకటి మెట్ల కింద పడి ఉంది. ఫ్రిజ్‌లు రాక ముందు పాలు, పెరుగు, కూరలు పెట్టుకునేవాళ్లు అందులో. దాన్ని కడిగి ఎండబెట్టి, కింది అరలో 60 వాట్ల పాతకాలపు ఫిలమెంటు బల్బులు రెండు పెట్టించాను. ఎల్‌ఈడీ బల్బు పనికిరాదు, వేడి రావాలి కదా. వైరింగు మా వీధి ఎలక్ట్రీషియన్ చేత చేయించాను. ఆకు రాలి బల్బు మీద పడకుండా పైన స్టీలు పళ్లెం ఒకటి అడ్డుగా, నాలుగు వైపులా సందు వదిలి. పై అరల్లో చెక్క పలకలు తీసేసి జల్లెడలు పెట్టాను. మూడు వైపులా జాలీకి బయట నుంచి అట్ట కొట్టి, పైన మాత్రం తెరిచి ఉంచాను. తడి గాలి పైకి పోవాలి. అది మూసేస్తే ఆకు ఉడుకుతుంది, ఎండదు.

థర్మామీటరు పెట్టి చూస్తే గంటకు 41 డిగ్రీల దగ్గర నిలబడింది. ఇంతకంటే బాగా పెరిగితే మళ్లీ ఆగస్టు కథే. బయట వాన కురుస్తుండగా తులసి పద్నాలుగు గంటల్లో ఎండింది. కరెంటు లెక్క కూడా వేశాను, యూనిట్టున్నర, రెండు యూనిట్ల మధ్య. బీరువా పక్క నుంచి వెళ్లిన ప్రతివాళ్లూ ఒక్క క్షణం ఆగి వాసన చూసి వెళ్తున్నారు. ఇన్నేళ్లు మెట్ల కింద మూలుగుతున్న వస్తువు మళ్లీ ఇంటి మధ్యలోకి వచ్చింది. అమ్మకు చెప్పలేనంత సంతోషం.

అక్టోబరు 5

ఇక కలపడం. నాన్నకు ఇంతవరకు ఏదీ ఇవ్వలేదు. ఇవాళ మొదటి గ్లాసు: తులసి, శొంఠి, మిరియాలు, దాల్చినచెక్క. నాన్న గ్లాసు పట్టుకుని వాసన చూసి, "కరోనా కషాయమా అమ్మా?" అన్నారు.

ఆయన తప్పేం లేదు. 2020లో ఆయుష్ మంత్రిత్వ శాఖ సూచించిన తులసి, దాల్చినచెక్క, మిరియాలు, శొంఠి, ఎండుద్రాక్ష కషాయాన్ని ఆ ఏడాదంతా పొద్దున్నే ఇంటిల్లిపాదికీ పట్టించింది నేనే. ఎండుద్రాక్ష తప్ప మిగతా నాలుగు దినుసులనే మళ్లీ గ్లాసులో పోశాను. నాన్న నాలుక దాన్ని మందుల అరలో పెట్టేసింది. మందు సాయంత్రం కబుర్లకు తోడు రాదు.

ఆయుర్వేదంలో ఈ తేడాకు పేర్లే ఉన్నాయి. దినుసును నీళ్లలో మరగబెట్టి ఇగరబెడితే కషాయం. మరిగిన నీళ్లు పోసి, కాసేపు ఉంచి వడగడితే ఫాంటం. వేర్లు, బెరడు, శొంఠి లాంటి గట్టివాటికి మరిగించడం తప్పదు. లేత ఆకులకు ఫాంటమే సరి. నేనేమో ఆకును కూడా పది నిమిషాలు కుతకుతా మరిగించాను. బీరువాలో అంత జాగ్రత్తగా కాపాడిన వాసన వంటింటి కిటికీలోంచి పోయింది.

అక్టోబరు 8

నీళ్లు మరిగాక పొయ్యి ఆపి, ఆకు వేసి, వెంటనే స్టీలు మూత పెట్టాను. ఏడు నిమిషాలయ్యాక మూత ఎత్తి తిప్పి చూశాను. అడుగున వరసగా నీటి చుక్కలు, చిన్న చిన్న ముత్యాల్లా. ఒక చుక్కను వేలితో తీసి నాలుక మీద పెట్టుకుంటే నిమ్మగడ్డి నాలుక నుంచి ముక్కుకెక్కింది. గ్లాసులో ఉన్నదానికంటే ఆ చుక్కలోనే వాసన ఎక్కువ! ఆవిరితో పైకి వచ్చినవన్నీ అక్కడ చేరాయి. అందుకని మూత తీసేటప్పుడు గిన్నె మీదే వంచి ఆ చుక్కలన్నీ మళ్లీ లోపల పడేట్టు తట్టాలి. నాకు ఈ నాలుగు నెలల్లో దొరికిన వాటన్నిటిలో ఇది చాలా ఇష్టం.

నాన్న సగం గ్లాసు తాగారు. సగమంటే చిన్న విషయం కాదు.

అక్టోబరు 19

వారానికి సరిపడా మిశ్రమం ఒకేసారి కలిపి సీసాలో పెట్టాను. మొదటి రోజు చప్పగా, ఆరో రోజు గొంతు మండేలా వచ్చింది. సీసా, చెంచా, నీళ్లు అన్నీ అవే. గాజులోంచి చూస్తే అర్థమైంది. శొంఠి పొడి బరువు, ఆకు తేలిక. చెంచా పెట్టినప్పుడల్లా కదిలి పొడి మెల్లగా అడుగుకు దిగింది. ఇక ఈ కలపడాలు లేవు. ఆకులు ఒక సీసాలో, శొంఠి ఒక సీసాలో. శొంఠిని కూడా పొడి చేయకుండా బియ్యపు నూక సైజులో దంచుకుంటున్నాను. మిక్సీలో ఆడిస్తే మెత్తటి పొడి గుడ్డలోంచి కూడా జారి గ్లాసు అడుగున బురదలా చేరుతుంది, ఆకు చేదెక్కుతుంది.

శొంఠి గురించి ఇంకొక్క మాట. అల్లం ఎండేటప్పుడు దాని ఘాటు మారుతుంది. అల్లంలో ఉండే జింజెరాల్ కొంత షోగాల్‌గా మారుతుంది, అది ఇంకా ఘాటు. పచ్చి అల్లం వేసిన లెక్కనే శొంఠి వేయకూడదు. గ్లాసుకు చిటికెడు చాలు.

ఇప్పటికి కుదిరిన కొలత, 150 మిల్లీలీటర్ల గ్లాసుకు: నిమ్మగడ్డి అర చెంచా, తులసి అర చెంచా, పుదీనా రెండు మూడు ఆకులంత, సోంపు పావు చెంచా, శొంఠి నూక చిటికెడు. శొంఠి, సోంపు నీళ్లతో పాటు ఐదు నిమిషాలు మరగాలి. ఆకులు పొయ్యి ఆపాకే.

నవంబరు 3

ఈ నెల చేసిన పొరపాటు రాయాల్సిందే, ఇంకెవరూ చేయకుండా.

నాన్న చక్కెర లేకుండా తాగలేకపోతున్నారని, పచారీ కొట్లో అతిమధురం వేళ్లు తెచ్చి చిన్న ముక్క వేస్తూ వచ్చాను. చక్కగా తియ్యగా ఉంది. పోయిన వారమే నాన్న మొదటిసారి గ్లాసు ఖాళీ చేశారు కూడా. నెలవారీ చెకప్‌కి వెళ్తే బీపీ ఎప్పుడూ లేనంత ఉంది. డాక్టరుగారు, "కొత్తగా ఏమైనా వాడుతున్నారా?" అని అడిగారు. టీలో వేసేవన్నీ ఒక్కొక్కటే చెప్పాను. అతిమధురం దగ్గర ఆపారు. అందులోని గ్లిసరైజిన్ ఒంట్లో ఉప్పును, నీటిని నిలబెడుతుంది, పొటాషియాన్ని తగ్గిస్తుంది, బీపీ పెంచుతుంది. బీపీ మాత్ర వేసుకునేవాళ్లు రోజూ వాడకూడనిది. పెరిగింది కచ్చితంగా దాని వల్లేనా అంటే చెప్పలేమన్నారు, కానీ ఆ రోజే ఆపించారు.

ఇంటికొచ్చే దారిలో నాకు ఏడుపొక్కటే తక్కువ. నాన్నే, "నువ్వు ప్రేమతో పెట్టావమ్మా, తెలిసింది కదా, ఆపేద్దాం" అన్నారు. మూలిక అంటే మంచిదే అనుకోవడం మనకు అలవాటు. ఒంటి మీద పనిచేసేదేదైనా అటూ పనిచేస్తుంది, ఇటూ పనిచేస్తుంది. ఇంట్లో ఎవరైనా రోజూ మాత్రలు వాడుతుంటే, ఏ ఆకు గ్లాసులో వేసినా ముందు డాక్టరుగారికి ఆ పేరు చెప్పండి.

తీపికి సోంపు కొంచెం పెంచాను, ఒక ఏలక్కాయ చితక్కొట్టి వేశాను. చక్కెర లేకపోయినా నాలుకకు తియ్యగా తోస్తుంది.

నవంబరు 21

కార్తీకం. కోట దగ్గర అమ్మ దీపాలు. మేడ మీద గోంగూర.

గోంగూర పగటి వెలుగును చూసి పూస్తుంది. పగలు కురచయ్యే దాకా ఆకులే వేస్తుంది. దసరా దాటగానే మొగ్గ తొడిగింది. పొద్దున విచ్చే లేత పసుపు పువ్వు, మధ్యలో ముదురు ఎరుపు మచ్చ. అదే రోజు సాయంత్రానికి ముడుచుకుపోతుంది. పువ్వు రాలాక దాని కింది రక్షక పత్రాలు కండ పట్టి, ఎర్రగా కాయను కప్పేస్తాయి. మాకు మూడు వారాలు పట్టింది. టీకి కావలసింది ఆ ఎర్ర తొడుగే, కాయ కాదు.

ఈ గోంగూరే ఈజిప్టు, సూడాన్‌లలో కర్కడే. సెనెగల్‌లో దీన్ని బిస్సాప్ అంటారు. జమైకాలో క్రిస్మస్‌కు చేసుకునే ఎర్ర పానీయం సారెల్ కూడా ఇదే. అమ్మకు చెబితే, "మన గోంగూరేనా! మనం ఆకు తిని కాయ పారేస్తుంటే వాళ్లు కాయ తాగుతున్నారా?" అని ఆశ్చర్యపోయింది. మరీ పారేయం లెండి, కాయల పచ్చడి చేసుకునే ఇళ్లున్నాయి. పుంటికూర అనే తెలంగాణ వైపు మా వదినగారింట్లోనూ చేస్తారు.

పిండినల్లి ఒకసారి పట్టింది. వేపనూనె కొట్టలేదు, ఆ చేదు తొడుగుకు పడుతుంది. పైపుతో నీళ్లు గట్టిగా కొట్టి, మిగిలినవి పాత బ్రష్షుతో తుడిచాను. నాలుగు రోజులు వరసగా చేస్తే పోయింది.

డిసెంబరు 2

కాయలు కోశాం, 1 కిలో 400 గ్రాములు. నాన్న, మాస్టారుగారు అరుగు మీద కూర్చుని ఒలిచారు. కాయ మొదలు కత్తితో గుండ్రంగా కోసి, సన్నటి స్టీలు గొట్టంతో కింద నుంచి తోస్తే లోపలి కాయ పైకి ఊడి వస్తుంది, తొడుగు గిన్నెలాగా పూర్తిగా మిగులుతుంది. కాయ మీది నూగు వేళ్లకు దురద పెడుతుంది, చేతులకు కొబ్బరినూనె రాసుకుంటే నయం. మాస్టారుగారు ఎన్ని ఒలిచామో లెక్కపెడుతూ కూర్చున్నారు. తొడుగులు 750 గ్రాములు తేలాయి. బీరువాలో రెండు రాత్రులు పెడితే 76 గ్రాములయ్యాయి. పదోవంతు. ఎండిన తొడుగు చేతిలో ఎర్రటి తోలు ముక్కలా ఉంటుంది, వంచితే విరుగుతుంది.

ఎనిమిది మొక్కల్లో ఐదే కండ పట్టాయి. మిగతా మూడింటి తొడుగులు పలచగా, చిన్నవిగా ఉన్నాయి. కొట్లో విత్తనం ఆకు కోసం అమ్మేది, దాన్ని తప్పుపట్టలేం.

డిసెంబరు 4

డాక్టరుగారికి ఫోను చేసి అడిగాను. గోంగూర టీ బీపీని కాస్త తగ్గించవచ్చు, మాత్ర వాడుతున్నారు కాబట్టి రోజుకు ఒక గ్లాసు దాటొద్దు, ఇంట్లో మిషనుతో చూసుకుంటూ ఉండమన్నారు.

పులుపు కాబట్టి అల్యూమినియం, కళాయి లేని ఇత్తడి గిన్నెలు పనికిరావు. స్టీలులో నీళ్లు కాచి, గాజు గ్లాసులో రెండు తొడుగులు వేసి పోశాను. ముందు తొడుగు చుట్టూ గులాబీ రంగు పొగలా లేచింది, తర్వాత సన్నటి ఎర్ర తీగలు గ్లాసు అడుగుకు జారాయి. ఐదు నిమిషాలకు గ్లాసంతా దానిమ్మ రంగు. పక్కింటి పిల్లలు వచ్చి చుట్టూ చేరారు. వాళ్ల కోసం ఒక గ్లాసులో కొంచెం వంటసోడా వేశాను. ఎరుపు పోయి నీలి పచ్చగా మారింది. నిమ్మకాయ పిండితే మళ్లీ ఎర్రబడింది. ఈ రంగు ఆంథోసయనిన్‌లది, పులుపులో ఎర్రగా, క్షారంలో నీలంగా ఉంటుంది. మందార రేకుల టీ బోరు నీళ్లలో వంకాయ రంగుకు తిరిగేది కూడా ఇందుకే. మంచినీళ్లలో చేసి రెండు చుక్కలు నిమ్మరసం పిండితే ఎర్రగా వస్తుంది.

నాన్న ఒక గుక్క తాగి, కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "చిన్నప్పుడు చేలగట్టు మీద గోంగూర కాయలు కొరుక్కుని తినేవాళ్లం. అదే పులుపు" అన్నారు. గ్లాసు ఖాళీ అయింది.

జనవరి 11

ఈ నెలంతా ఆరింటి గ్లాసు ఒక్కరోజు కూడా తప్పలేదు. మూడు రోజులు నిమ్మగడ్డి, తులసి. ఒక రోజు గోంగూర. పొగమంచు రోజుల్లో శొంఠి ఒక చిటికెడు ఎక్కువ. నాన్న పదకొండుకల్లా పడుకుంటున్నారు. బీపీ మామూలుకొచ్చింది. దాన్ని ఈ టీ ఖాతాలో వేయను, సాయంత్రం తేయాకు మానడం, అతిమధురం మానడం కూడా ఉన్నాయి కదా.

నిన్న మాస్టారుగారు వాళ్లబ్బాయి దగ్గరికి హైదరాబాదు వెళ్లారు. నాన్న ఒక్కరే అరుగు మీద. మాస్టారుగారు లేరు కదా, ఇవాళ తాగరేమో అనుకుని నేను లోపలే ఉన్నాను. ఆరూ పదికి వంటింట్లో మూత చప్పుడైంది. వెళ్లి చూస్తే నాన్న పొయ్యి ఆపి, గిన్నె మీద మూతను మెల్లగా వంచి తడుతున్నారు. ఒక గ్లాసు వడకట్టుకుని తాగారు. "ఇంకో గ్లాసుకు సరిపడా ఉందా అమ్మా ఆకు?" అన్నారు.

నిమ్మగడ్డి సీసాలో 31 గ్రాములుంది. తులసి 22. గోంగూర 40 పైన.

కండ పట్టిన ఐదు మొక్కల్లో ఒక్కోదానికి నాలుగు కాయలు కోయకుండా వదిలేశాను. అవి పూర్తిగా ఎండాక గింజలు తీసి కాగితం కవరులో పెట్టాం. పైన నాన్న తన గుండ్రటి అక్షరాలతో రాశారు: "ఎర్ర గోంగూర, టీ కోసం. జూన్‌లో వేయాలి. పదిహేను మొక్కలు."